నిండు క్యానుతో వెనక్కి

2021 నవంబరు 19, శుక్రవారం. కార్తీక పున్నమి. తెల్లారి ఆరుగంటలకు పాల క్యాను సైకిలుకు తగిలించుకుని పోయిన మా ఇంటాయన అరగంటకే తిరిగొచ్చాడు. క్యాను నిండుగానే ఉంది. తలమీద పట్ట కప్పుకున్నా మనిషి తడిసి ముద్దయ్యాడు.

"మోరీ కనబడ్లేదు మే. దాని పైన నిలువెత్తు నీళ్లు పోతాండాయి" అన్నాడు.

పంచలో గోడకానుకుని కూర్చున్న మా అత్త ఆ మాట విని క్యాను వైపు చూసింది. "పాలు తిరిగొచ్చినాయా? అయితే ఊరు తెగినట్టే" అంది.

ఆమెకు డెబ్బై ఎనిమిదేళ్లు. వాన ఎన్ని సెంటీమీటర్లు పడిందో, తుపాను పేరేమిటో ఆమెకు పట్టదు. పొద్దున పోయిన పాలు బయటికి చేరాయా లేదా, అదే ఆమె కొలత. ఆ కొలత ఎంత సరైనదో తర్వాతి రెండున్నర రోజుల్లో నాకు తెలిసొచ్చింది.

బంగారుపాళ్యం చిత్తూరుకూ పలమనేరుకూ నడుమ, చెన్నై–బెంగళూరు జాతీయ రహదారి మీద ఉంటుంది. పడమరకు పోతే మొగిలి, మొగిలీశ్వరుడి గుడి, ఆ పైన కనుమ. మామిడికాయల కాలంలో మార్కెట్ యార్డు ముందర తోతాపురి ట్రాక్టర్లు బారులు తీరే ఊరిగా దాని పేరు పేపర్లో చూసే ఉంటారు. మా పల్లె ఆ రోడ్డు దిగి నాలుగు కిలోమీటర్లు లోపలికి. అరవై గడప. పడమరన గుట్ట, గుట్ట కింద చెరువు, చెరువు కింద కయ్యలు, ఆ పక్కన మామిడి తోపులు. ఊరికీ రోడ్డుకీ మధ్య ఒక వంక, వంక మీద ఒక మోరీ. ఏడాదిలో పదకొండు నెలలు ఆ వంకలో మేకలు మేస్తాయి. ఇరవై ఎనిమిదేళ్లు నేను ఆ వంక దాటి బడికి పోయి, పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని దాటిన రోజులు ఎన్నంటే వేళ్ల మీద చెప్పగలను.

అట్లాంటి వంక ఊరికి గడియ పెట్టింది.

మొరవ పోయిన రాత్రి

చిత్తూరు సీమకు వాన రెండు దిక్కుల నుంచి వస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్యం. కృష్ణా గోదావరి జిల్లాల వాళ్లకు నైరుతే పెద్ద దిక్కు. మాకు ఈశాన్యం కూడా దాదాపు దానికి సమానం. దసరా దాటాక బంగాళాఖాతంలో పుట్టే వాయుగుండాలు చెన్నై వైపు వస్తే, వాటి చెయ్యి మా గుట్టల దాకా చాస్తాయి. మా చెరువులు నిండేది ఎక్కువగా అప్పుడే.

ఆ నెల 11న ఒక వాయుగుండం చెన్నై దగ్గర తీరం దాటింది. దాంతోనే మా చెరువు నిండింది. నేల తాగగలిగినంతా తాగేసింది. వారం తిరక్కముందే ఇంకొకటి వచ్చింది. 18న పగలంతా ముసురు, చీకటి పడ్డాక కుండపోత. 19 తెల్లవారుజామున అది పుదుచ్చేరికీ చెన్నైకీ మధ్య తీరం దాటిందని తర్వాత రేడియోలో విన్నాం. ఎండిన నేల మీద పడిన వాన సగం నేలలోకి పోతుంది. తడిసిన నేల మీద పడిన వానకు పోవడానికి చోటు ఉండదు, పరుగెత్తాల్సిందే. ఎకరా పొలం మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 40 వేల లీటర్ల నీళ్లు. అంటే నాలుగు పెద్ద ట్యాంకర్లు. మా గుట్ట కింద ఎన్ని వందల ఎకరాలున్నాయో, ఆ రాత్రి ఎన్ని సెంటీమీటర్లు పడిందో మీరే హెచ్చవేసుకోండి.

చెరువుకు మూడు అంగాలు: కట్ట, తూము, మొరవ. కట్ట నీళ్లను ఆపుతుంది, తూము పొలానికి వదులుతుంది, మొరవ మిగులు నీళ్లను బయటికి పంపుతుంది. మా సీమ చెరువులు గొలుసు మాదిరి ఉంటాయి. పై చెరువు మొరవ పోతే ఆ నీళ్లు కింది చెరువుకు, దాని మొరవ పోతే ఇంకా కిందికి. మంచి రోజుల్లో ఇంతకన్నా తెలివైన ఏర్పాటు లేదు. చెడ్డ రోజున మాత్రం పై చెరువుకు గండి పడితే కింద ఉన్నవన్నీ వరసగా తెగుతాయి. అందుకే రాత్రి పది గంటలకు, చెరువు నీళ్లు చూసుకునే మా నీరుగంటి లాంతరు తీసుకుని ఇంటింటికీ వచ్చాడు. ఇంటికొక మగమనిషి, ఖాళీ గోతాలు, పార. మా ఇంటాయన పోయి రాత్రి రెండింటికి తిరిగొచ్చాడు.

తెల్లారి నీరుగంటిని అడిగాను. "పై చెరువు నిండు చూలాలు మాదిరి ఉండాది టీచరమ్మా. అయినా కట్టకు చెమ్మ లేదు. మొరవ బాగా పోతాంది. ఇంగ భయం ల్యా" అన్నాడు. కట్ట వెనకవైపు చెమ్మ కనిపిస్తే, ఆ చెమ్మలో మట్టి కలిసిన బురదనీళ్లు ఊరితే, లోపల ఎక్కడో దారి పడిందని అర్థం. ఆయన రాత్రంతా చేసిన పని ఆ చెమ్మ కోసం కట్ట పొడవునా అరచేత్తో తడిమి చూడడమే.

ఒక సంగతి చెప్పాలి. ఆ పొద్దు మా ఊళ్లో ఎవరూ ఏడుపు మొగంతో లేరు. వెయ్యి అడుగులు బోరు వేసినా దుమ్ము తప్ప రాని ఏళ్లు చూసినవాళ్లం. మొరవ పోతే మాకు పండగ. వాన కొంచెం తెరపియ్యగానే ఆడవాళ్లం పసుపు, కుంకుమ, టెంకాయ తీసుకుని మొరవ కాడికి పోయి గంగమ్మకు పూజ చేసి వచ్చాం. అదే నీళ్లు మమ్మల్ని ఊళ్లో బిగించేశాయని తెలుసు. అయినా దండం పెట్టుకున్నాం. కరువు సీమలో వానతో మాకుండే చుట్టరికం అట్లాంటిది.

పాలు ఆగవు

వాన ఇంట్లో కూర్చోబెడితే తిండికి కష్టమవుతుందని పట్నంలో ఉండేవాళ్లు అనుకుంటారు. మా ఇంట్లో ఆ కష్టమే లేదు. రాగులున్నాయి, బియ్యమున్నాయి, ఉలవలున్నాయి. చింతపండు పాత కుండలో ఉంది. అటక మీద చెనిక్కాయలు రెండు మూటలు. మొదటి రోజు మధ్యాహ్నం రాగి సంగటి, చెనిగిత్తనాల ఊరుబిండి. సాయంత్రం ఉడకబెట్టిన చెనిక్కాయలు, బొరుగులు. ఎర్రగడ్డలు, మిరక్కాయలు ఇల్లిల్లూ మార్చుకున్నాం. ఈదరగాలికి అత్త కంబళి కప్పుకుని పొయ్యి ముందర నుంచి కదల్లేదు. లోపలికి రావాల్సినవి రాకపోతే వారం రోజులైనా మాకు గడుస్తుంది.

చిక్కంతా బయటికి పోవాల్సిన వాటితోనే వచ్చింది.

మాకు అప్పుడు మూడు సీమావులు. పాలిచ్చేవి రెండు. రెండు పూటలా కలిపి ఇరవై లీటర్లు. పాలకేంద్రం వంకకు అవతల, రోడ్డు మీద. పొద్దున ఏడుకు వ్యాను, సాయంత్రం ఏడుకు ఇంకొక వ్యాను. వ్యాను పోతే ఆ పూట పాలు పోయినట్టే. వాన పడిందని ఆవు పాలు ఆపుకోదు. పిండకుండా వదిలేస్తే పొదుగు గట్టిపడి వాపు వస్తుంది, జ్వరం వస్తుంది, ఒక్కోసారి ఆ చన్ను మళ్లీ పనికి రాదు. కాబట్టి పిండాల్సిందే. పిండినవాటిని ఏం చెయ్యాలి?

చుట్టుపక్కల ఇద్దామంటే, ఊళ్లో ప్రతి ఇంట్లోనూ అదే కథ. "వొదినా, పాలు కావాల్నా?" అని నేను గోడ మీదుగా అడిగేలోపే పక్కింటామె అదే మాట నన్ను అడిగింది. ఇద్దరం నవ్వుకున్నాం. దూడలకు మాత్రం పండగ. పుట్టిన నాటి నుంచి కొలిచి తాగిన దూడలు ఆ రెండున్నర రోజులు కడుపారా తాగాయి.

మిగిలినవి కాచాం. కరెంటు లేదు, ఫ్రిజ్జు ఉట్టి అలమారా అయిపోయింది. గ్యాసు పొదుపు చెయ్యాలని కట్టెల పొయ్యి రాజేస్తే, తడి కట్టెల పొగకు ఇల్లంతా కళ్లనీళ్లు. కాచిన పాలు ఇంట్లో ఉన్న ప్రతి పాత్రలో తోడేశాం. సంగటి దబర, సాంబారు గిన్నె, చివరికి పెళ్లిలో నాకు పెట్టిన ఇత్తడి బిందె కూడా. రెండో రోజు అత్త అటక మీద నుంచి కవ్వం దింపించింది. పదేళ్లుగా దాన్ని ఎవరూ ముట్టలేదు. పొద్దున మొదలుపెట్టి నేను, మా ఇంటాయన, పక్కింటి పిల్లోడు వంతులేసుకుని చిలికాం. ఈ సీమావు పాలలో వెన్న శాతం నాలుగు లోపే. ఉన్న పాలన్నీ పొయ్యెక్కించి, తోడేసి, చిలికి, కాచితే చివరికి చేతికొచ్చింది రెండు కిలోలకు కొంచెం తక్కువ నెయ్యి. మజ్జిగ ఊరంతా ఉంది. తాగలేక గొడ్ల తొట్లలో పోశాం. మూడో రోజుకు కొన్ని ఇళ్లలో పాలు విరిగి కాలువలో పోశారు. ఎర్ర నీళ్లలో తెల్లటి చార కొంతదూరం పోయి కలిసిపోయేది. అప్పు చేసి ఆవును కొన్న ఇంటామె అది చూడలేక లోపలికి పోయి తలుపేసుకుంది.

మేత సంగతి ఇంకొకటి. కయ్యల్లో పచ్చి కసువు నీళ్లలో మునిగింది. వరిగడ్డి వామి పైన నాలుగు వేళ్ల మందం నాని నల్లబడింది. కానీ వామి వేసిన చెయ్యి మంచిదైతే లోపలి గడ్డికి తడి తగలదు. గాలి కొట్టని వైపు నుంచి చెయ్యి పెట్టి పీకితే బంగారు రంగు గడ్డి గరగరలాడుతూ వచ్చింది. వామి వెయ్యడం ఒక విద్య. దాని పరీక్ష ఏడాదికి ఒక్క రోజు వస్తుంది.

మోకు మీద మందులు

బయటికి పోవాల్సిన రెండోది రోగి.

మా వీధిలో ఒకమ్మాయి కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. నెలలు నిండాయి. 17వ తేదీ సాయంత్రం వాళ్లమ్మ ఆకాశం చూసి, చెరువు చూసి, ఆటో పిలిపించి, కూతుర్ని బంగారుపాళ్యంలో చుట్టాలింట్లో దించి వచ్చింది. "కాన్పుకు ఇంకా పది రోజులుండాది కదా, ఎందుకు ఈ హైరానా" అని ఆ రోజు మేమే అన్నాం. 19న వంక ఒడ్డున నిలబడి అవతలి దారి చూస్తుంటే ఆమె ఎంత తెలివైనదో అర్థమైంది. 108 ఎంత తొందరగా వచ్చినా వంకకు అవతలే ఆగాలి.

అందరికీ ఆ ముందుచూపు ఉండదు. పై వీధి పెద్దాయన ఆ పొద్దున పాకుడు మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. వంక దాటించే దారిలేదు. ప్రవహించే నీళ్ల బలం చూసినవాళ్లకే తెలుస్తుంది. 15 సెంటీమీటర్ల లోతు నీళ్లు వేగంగా పోతుంటే నిలబడ్డ మనిషిని పడేస్తాయి. 30 సెంటీమీటర్లు చిన్న కారును తేల్చి తీసుకుపోతాయి. "ఏముందిలే, మోకాళ్ల లోతే కదా" అన్న మాటతోనే ఏటా మన దగ్గర ప్రాణాలు పోతాయి. అందుకని కుర్రాళ్లు నులకమంచం మీద ఆయన్ను పడుకోబెట్టి, పైన పట్ట కప్పి, గుట్ట పక్కనుంచి మామిడి తోపుల గట్ల మీదుగా చుట్టు తిరిగి రోడ్డు దాకా ఏడు కిలోమీటర్లు మోశారు. వంతుకు నలుగురు, ఎనిమిది మంది. నాలుగు గంటలు పట్టింది. మామూలు రోజుల్లో ఆటోలో పది నిమిషాల దారి అది.

మా అత్త బీపీ మాత్రలు రెండో రోజుకు అయిపోవచ్చాయి. ఇంకో ముగ్గురికి సుగరు మందులు లేవు. అప్పుడు కుర్రాళ్లే ఇంకో ఉపాయం చేశారు. వంకకు ఇవతల ఒక చింతమాను, అవతల ఒక చింతమాను. సన్నటి తాడుకు రాయి కట్టి విసిరి, దాంతో బావి మోకును అవతలికి లాగి, రెండు మానులకూ బిగించి, బావి గిలక తెచ్చి తగిలించారు. అవతలి నుంచి పాలకేంద్రం పిల్లోడు మందుల సంచి గిలకకు కట్టాడు. సంచి ఊగుతూ, నీళ్ల మీదుగా వచ్చింది. ఊరంతా చప్పట్లు. ఆ ఉత్సాహంలో పాల క్యాను కూడా పంపుదామన్నారు. క్యాను నడి వంకలో బరువుకు కుంగి, మూత ఊడి, పాలన్నీ వంకమ్మకు సమర్పించుకుని, ఖాళీగా అవతలి ఒడ్డు చేరింది.

రెండు రోజులు మూగవోయిన ఊరు

బయటికి పోవాల్సిన మూడోది మాట.

18 రాత్రి కరెంటు పోయింది. 19 మధ్యాహ్నానికి సెల్ టవర్ బ్యాటరీ అయిపోయింది. ఫోన్లన్నీ టార్చిలైట్లుగా మారి, రాత్రికి అవి కూడా ఆరిపోయాయి. మా ఇంటాయన పాత ట్రాన్సిస్టరులో సెల్లులు మార్చాడు. ప్రాంతీయ వార్తల్లో విన్నాం. కడప జిల్లా రాజంపేట దగ్గర చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట ఆ తెల్లవారుజామునే తెగి ఊళ్ల మీద పడిందని, తిరుపతి వీధుల్లో నీళ్లు పారుతున్నాయని, చిత్తూరులో నీవా నది పొంగిందని, తర్వాత రోజుల్లో రాయలచెరువు కట్ట బలహీనపడి కింది ఊళ్లను ఖాళీ చేయించారని. మూడు సాగు చట్టాలను వెనక్కి తీసుకుంటున్నట్లు ప్రధాని 19 పొద్దునే ప్రకటించారన్న వార్త కూడా అట్లనే తెలిసింది. దేశమంతా దాని గురించి మాట్లాడుతున్న రోజు రైతులమైన మేం పంచలో కూర్చుని మజ్జిగ చిలుకుతున్నాం.

లోకం మాట మాకు చేరింది. మా మాట లోకానికి చేరలేదు. అసలు బాధ అది. మా పాప అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రం బఫెలో నగరానికి దక్షిణంగా ఒక చిన్న ఊళ్లో ఉంటుంది. తిరుమల మెట్ల మీద జలపాతం మాదిరి నీళ్లు దూకే వీడియోలు చూసింది, తిరుపతి రోడ్లలో కార్లు తేలేది చూసింది. మాకు ఫోను చేస్తే మోగదు. రెండు రోజులు ఆ పిల్ల నిద్రపోలేదు. ఇక్కడ మేమేమో పొయ్యి ముందర కూర్చుని చెనిక్కాయలు వలుచుకుంటున్నాం. 21 మధ్యాహ్నం వంక తగ్గాక మా ఇంటాయన రోడ్డు దాకా పోయి ఫోను చేస్తే, అటునుంచి మాట రాలేదు, ఏడుపు వచ్చింది.

వాళ్ల మంచు, మన మంచు

మా భాషలో "మంచు" చాలా మెత్తటి మాట. తెల్లారి కసువు మీద ఉండేదీ మంచే, పలమనేరు దారిలో బండి దీపాలకు అడ్డం పడేదీ మంచే. మంచు పడితేనే అనపకాయకు కమ్మటి వాసన వస్తుందని పితికిపప్పు చేసుకోవడానికి ఎదురుచూస్తాం. మామిడి పూతను పీల్చే పురుగుకు కూడా తేనెమంచు పురుగు అని పేరు పెట్టుకున్నాం. ఇంటి తలుపు తెరవనియ్యని మంచు అంటే ఏమిటో మాకు తెలియదు.

సరిగ్గా ఏడాదికి, 2022 నవంబరు 17 నుంచి 20 దాకా, పాప దాన్ని ఫోన్లో చూపించింది. వాళ్ల పక్కనున్న ఆర్చర్డ్ పార్క్ అనే ఊళ్లో దాదాపు 80 అంగుళాల మంచు పడింది. అంటే ఆరున్నర అడుగులు. తలుపు తీస్తే తలుపు ఆకారంలో తెల్లటి గోడ. కారు ఎక్కడుందో గుర్తు కోసం ముందే పాతిన కర్ర కూడా కనబడదు.

దాని పుట్టుక వింటే మన వాయుగుండం కథే అనిపిస్తుంది. బఫెలో పక్కన ఈరీ అనే పెద్ద సరస్సు ఉంది. ఎండాకాలం వేడి ఆ నీళ్లలో నవంబరు దాకా మిగిలి ఉంటుంది. ఉత్తరాన కెనడా నుంచి గడ్డకట్టే చలిగాలి ఆ వెచ్చటి నీళ్ల మీదుగా వీస్తే, ఆవిరిని ఎత్తుకుని, ఒడ్డు చేరగానే మంచుగా కుమ్మరిస్తుంది. పట్టీ మాదిరి సన్నగా పడుతుంది. ఒక ఊళ్లో ఆరడుగులు, పది మైళ్ల అవతల ఎండ. మాకు బంగాళాఖాతం ఎట్లనో వాళ్లకు ఈరీ సరస్సు అట్ల.

నేను లెక్కల టీచర్ను. పాపను అడిగి ఒక లెక్క వేశాను. సగటున పది అంగుళాల మంచు కరిగితే ఒక అంగుళం నీళ్లు. 80 అంగుళాల మంచు అంటే 8 అంగుళాల వాన, 200 మిల్లీమీటర్లు. పెద్ద వాయుగుండం వస్తే మా దగ్గర కూడా అంతే పడుతుంది. తేడా ఒక్కటే. మా నీళ్లు పారిపోతాయి, రెండు రోజులు ఓపిక పడితే దారి తెరుచుకుంటుంది. వాళ్ల నీళ్లు పడినచోటే పేరుకుంటాయి, పారతో ఎత్తి పొయ్యాల్సిందే. ఆ ఎత్తడంలోనే గుండె ఆగి పోయేవాళ్లుంటారు. హీటరు పొగగొట్టానికి మంచు అడ్డం పడితే విషవాయువు ఇంట్లోకి తన్నుతుంది.

ఆ డిసెంబరు 23న ఇంకా పెద్దది వచ్చింది. గాలీ మంచూ కలిసి 37 గంటలు కళ్లముందు చెయ్యి కనబడనియ్యలేదు. అంబులెన్సులు, ఫైరింజన్లే రోడ్డు మీద కూరుకుపోయాయి. బఫెలో, దాని చుట్టుపక్కల 40 మందికి పైగా చనిపోయారు. కొందరు కార్లలో, కొందరు సాయం రాక ఇళ్లలోనే. ప్రపంచంలోకెల్లా ధనిక దేశంలో కూడా రోగి బయటికి పోలేకపోతే అంతే. మా పెద్దాయన నులకమంచం నాకు అప్పుడు గుర్తొచ్చింది.

ఇంకొకటి విని ఆశ్చర్యపోయాను. 2014 నవంబరులో అదే బఫెలో చుట్టుపక్కల ఏడడుగుల మంచు పడినప్పుడు, పాల ట్యాంకర్లు రాలేక అక్కడి రైతులు పిండిన పాలను పారబోశారట. వందల ఆవులున్న పెద్ద పెద్ద కొట్టాలు వాళ్లవి. చిలకడానికి కవ్వం ఎక్కడ సరిపోతుంది? మా కాలువలో తెల్లచార, వాళ్ల మంచులో తెల్లపాలు. ఆవుకు అమెరికా ఐనా బంగారుపాళ్యమైనా ఒకటే. పూటకు పిండాలి, పూటకు పంపాలి.

టీచరుగా నన్ను పట్టుకున్న కథ మాత్రం ఇంకా పాతది. 1888 జనవరి 12న నెబ్రాస్కా, డకోటా మైదానాల్లో పొద్దున వెచ్చగా ఉండి, బడి వేళకు ఒక్కసారిగా మంచుగాలి విరుచుకుపడింది. రెండు వందల మందికి పైగా చనిపోయారు. వాళ్లలో బడి నుంచి ఇంటికి బయల్దేరిన పిల్లలు ఎందరో. అట్లాంటి చోట్ల రైతులు ఇంటి నుంచి గొడ్ల కొట్టం దాకా తాడు కట్టుకునేవాళ్లట, ఆ పది గజాల్లో దారి తప్పిపోకుండా. మేం వంక మీద మోకు కట్టాం. వాళ్లు వాకిట్లో తాడు కట్టారు. దారి తెగినప్పుడు మనిషికి తట్టే మొదటి ఆలోచన తాడే కాబోలు.

వంక ఎవరిది?

2022 డిసెంబరు 9 రాత్రి మాండూస్ తుపాను మహాబలిపురం దగ్గర తీరం దాటింది. మా వంక మళ్లీ మోరీ ఎక్కింది. ఈసారి ఒక్క రోజే. కానీ ఈసారి ఊరు వేరేగా ఉంది. ముందురోజే ఇద్దరు గర్భిణులనూ, డయాలసిస్‌కు పోయే ఒకాయన్నూ రోడ్డు మీద ఉన్న చుట్టాలిళ్లకు పంపేశాం. నెలకు సరిపడా మాత్రలు తెచ్చుకున్నాం. కవ్వం అటక దిగే ఉంది. అవతలి ఒడ్డున ఒకరింట్లో ఫోను పెట్టి, ఊళ్లోవాళ్లందరి పిల్లల నంబర్లూ రాసిచ్చాం. మోకు ఊపి సైగ చేస్తే "అందరూ బాగుండారు" అని అతనే ఫోన్లు చేసి చెబుతాడు. పాప ఆ రాత్రి నిద్రపోయింది.

వాన వెలిశాక కూడా రెండు రోజులు మట్టి గోడల పక్కన ఎవర్నీ పడుకోనియ్యలేదు. నానిన గోడ వానలో నిలబడినా, ఎండ తగిలాక కూలొచ్చు. ఇది పాతవాళ్లు చెప్పిన మాట, మేం మరిచిన మాట.

ఇవన్నీ చేసుకోగలిగాం. ఒకటి చెయ్యలేకపోయాం. మోరీ ఇంకా అంతే ఎత్తున ఉంది. దాన్ని ఎత్తు చెయ్యమని ఎన్ని అర్జీలు పెట్టామో లెక్కలేదు. పెట్టేటప్పుడు ఒకసారి మా అత్త అడిగింది, "మోరీ ఎత్తు సరే, వంక వెడల్పు సంగతేమి?" అని. ఆమె కాపురానికి వచ్చినప్పుడు ఆ వంక ఎద్దుల బండి పక్కన ఇంకో బండి పోయేంత ఉండేదట. ఇప్పుడు చూస్తే రెండు వైపుల నుంచీ గట్లు లోపలికి జరిగాయి. అందులో ఒక గట్టు మాది. మా మామ కాలంలో ఒకసారి, మా కాలంలో ఒకసారి జరిపాం. మొరవ కాలువ మీద ఎవరిదో మామిడి తోపు ఉంది. ఎవరిదో అందరికీ తెలుసు, ఎవరూ అడగరు. నీళ్లకు సన్నటి దారి మిగిల్చి, అవి మా దారికి అడ్డం వచ్చాయని అర్జీ రాశాం. నేనే రాశాను, నా చేతిరాత బాగుంటుందని.

పోయిన ఎండాకాలం మా గట్టు రెండు గజాలు వెనక్కి జరిపాం. నాలుగు బస్తాల వడ్లు తగ్గుతాయి. పక్క కయ్య వాళ్లు ఇంకా ఆలోచిస్తున్నారు.

మీది ఏ పల్లె అయినా, కార్తీకం రాకముందు ఒక పొద్దు మీ ఊరి వంక దాకా నడిచి పోయి చూడండి. మోరీ ఎంత ఎత్తులో ఉందో, మొరవ కాలువ ఎక్కడ సన్నబడిందో, ఆ సన్నబడిన చోట గట్టు ఎవరిదో. మీదే అయితే, అర్జీ తర్వాత రాయొచ్చు. ముందు పార తీసుకోండి.